‘సరే’ అన్న జవాబులో ఏముంది?

సూరత్ నగరంలో సలాబత్‌పురా అనగానే వ్యాపారస్తులకు గుర్తుకు వచ్చేవి రింగ్ రోడ్డు వెంబడి బారులు తీరిన బట్టల మార్కెట్లు. మన పాఠకుల్లో కొందరికి మాత్రం సూరత్ పేరు వింటే మేనమామో, చిన్నాన్నో గుర్తుకు వస్తారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి మగ్గాన్ని నమ్ముకుని వెళ్ళిన పద్మశాలీ కుటుంబాలు ఆ నగరంలో స్థిరపడి తరాలు గడిచాయి. అక్కడి నగర పాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతోందంటే మనవాళ్ళ సంఖ్య ఎంతో ఊహించుకోవచ్చు. మగవాళ్ళు పవర్‌లూముల మీద పన్నెండు గంటల షిఫ్టులు చేస్తారు. ఆడవాళ్ళు ఇంట్లోనే కూర్చుని చీరలకు లేసు కుట్టడం, రాళ్ళు అతికించడం, దారపు పోగులు కత్తిరించడం వంటి పనులు చీరకింత అనే లెక్కన చేస్తుంటారు.

అలాంటి ఇంట్లోని ముప్ఫై ఎనిమిదేళ్ళ ఇల్లాలి ముందు ఒక ప్రశ్నావళి పెట్టారనుకుందాం. “గర్భాశయ ముఖద్వార పరీక్షలో హెచ్‌పీవీ పాజిటివ్ అని వస్తే చికిత్స చేయించుకుంటారా?” అన్నది ప్రశ్న. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, “డాక్టరు చెప్తె చేయించుకుంట” అంటుంది. అడిగిన వ్యక్తి ‘సానుకూల వైఖరి’ అన్న గడిలో టిక్కు పెట్టి తరువాతి ప్రశ్నకు వెళతాడు. ఈ వ్యాసం ఆ టిక్కు గురించి.

‘జ్ఞానం, వైఖరి, ఆచరణ’ అనే మూడు మాటల చట్రంలో జరిగే సర్వేలు మన దేశపు వైద్య కళాశాలల్లో ఏటా ఎన్నో వెలువడుతున్నాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వాటికి ఇష్టమైన విషయం. వాటిలో చాలావాటి ముగింపు చదవకుండానే చెప్పవచ్చు: స్త్రీలలో అవగాహన తక్కువ, వైఖరి ఫరవాలేదు, ఆచరణ బహు స్వల్పం, కాబట్టి అవగాహనా కార్యక్రమాలు పెంచాలి. ఇది అబద్ధమని నేను అనను. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో ఈ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవారు దేశంలో నూటికి ఇద్దరు కూడా లేరు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఐదుగురికి లోపే. గుజరాత్‌లో నూటికి ఒక్కరు కూడా లేరు. మరోవంక 2022లో మన దేశంలో కొత్తగా ఈ క్యాన్సర్ సోకినవారు సుమారు 1,27,000 మంది అనీ, చనిపోయినవారు దాదాపు 80,000 మంది అనీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ అంచనా. ఇంత పెద్ద అగాధానికి కారణం ఆడవాళ్ళ ‘వైఖరి’ అని చెప్పి ఊరుకోవడంతోనే నాకు పేచీ.

ముందుగా పాజిటివ్ అన్న మాటకు అర్థమేమిటో చూద్దాం. జర్మన్ శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జుర్ హౌజెన్ 1983లో హ్యూమన్ పాపిలోమా వైరస్ 16వ రకాన్నీ, మరుసటి ఏడాది 18వ రకాన్నీ ఈ క్యాన్సర్ కణితుల్లో కనిపెట్టాడు. అందుకు ఆయనకు 2008లో నోబెల్ బహుమతి లభించింది. ఈ వైరస్ దాంపత్య జీవితం మొదలైన తరువాత దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు సోకేదే. నూటికి తొంభై సందర్భాల్లో శరీరమే దాన్ని రెండేళ్ళలోపు వదిలించుకుంటుంది. వదలకుండా మిగిలిపోయిన కొద్దిమందిలోనే ముఖద్వారపు కణాలు మెల్లగా మారడం మొదలవుతుంది. ఆ మార్పు క్యాన్సర్‌గా ముదరడానికి సాధారణంగా పదిహేను, ఇరవై ఏళ్ళు పడుతుంది. రోగనిరోధక శక్తి తగ్గిన హెచ్‌ఐవీ బాధితుల్లో ఇంకా తొందరగా ముదురుతుంది.

అంటే పాజిటివ్ అని వచ్చిన స్త్రీకి క్యాన్సర్ ఉన్నట్టు కాదు. క్యాన్సర్‌కు ముందు దశ ఉన్నట్టు కూడా కాదు. వైరస్ ఉంది, అంతే. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో (2023 నుంచి దాని పేరు ధారాశివ్) 1999లో మొదలైన పెద్ద అధ్యయనంలో హెచ్‌పీవీ పరీక్ష చేసిన స్త్రీలలో పాజిటివ్ వచ్చినవారు నూటికి సుమారు పదిమంది. తీవ్రమైన కణమార్పు బయటపడినవారు నూటికి సుమారు ఒక్కరు. పదిమంది పాజిటివ్‌లలో ఒక్కరికి మాత్రమే చికిత్స తప్పనిసరి అన్నమాట. మిగిలిన తొమ్మిదిమందికి అప్పటికి కావలసింది కొంతకాలం ఆగి మళ్ళీ పరీక్ష చేయించుకోవడం.

ఇప్పుడు మన ప్రశ్నావళిని మళ్ళీ చదవండి. “పాజిటివ్ వస్తే చికిత్స చేయించుకుంటారా?” పదిమందిలో ఒకరి సంగతి ఆమెకు చెప్పారా? చెప్పకుండా అడిగితే ఆమె ‘సరే’ అనడం దేనికి ఒప్పుకోవడం? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు సాధారణ స్త్రీల విషయంలో రెండు దారులనూ అంగీకరించాయి: పాజిటివ్ వచ్చినవారందరికీ నేరుగా చికిత్స చేయడం ఒకటి, మరో పరీక్షతో వడబోసి అవసరమైనవారికే చేయడం రెండవది. హెచ్‌ఐవీ ఉన్నవారికి మాత్రం వడపోత తప్పనిసరి. మొదటి దారి ఎందుకంటే, బీద దేశాల్లో రెండవసారి పిలిస్తే రానివాళ్ళు చాలామంది కనుక. ఆ వాదనలో బలముంది. కాని ఆ దారిలో తొమ్మిదిమంది అనవసర చికిత్సను భరిస్తారన్న సంగతి తెలిసి ‘వద్దు, ఏడాది ఆగుతాను’ అన్న స్త్రీని మన సర్వేలు ‘ప్రతికూల వైఖరి’ గడిలో పడేస్తాయి. ఆమె ఆలోచించి చెప్పింది కదా అంటే, అందుకు గడి లేదు.

క్యాలెండరు చేసే పని

ఉస్మానాబాద్ అధ్యయనాన్ని ఆర్. శంకరనారాయణన్, ఆయన సహచరులు 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించారు. 52 గ్రామ సముదాయాలు, 30 నుంచి 59 ఏళ్ళ స్త్రీలు 1,31,746 మంది. కొందరికి హెచ్‌పీవీ పరీక్ష, కొందరికి పాప్ స్మియర్, కొందరికి పలుచని ఎసిటిక్ ఆమ్లం పూసి తెల్లబారిన మచ్చల కోసం కంటితో చూసే పరీక్ష; నాలుగవ వర్గానికి ఏ పరీక్షా లేదు. ఎనిమిదేళ్ళ తరువాత చూస్తే హెచ్‌పీవీ వర్గంలో ఈ క్యాన్సర్ మరణాలు 34, పరీక్ష లేని వర్గంలో 64. ముప్ఫై వేలకు పైగా స్త్రీలను పరీక్ష లేకుండా వదిలి మరణాలు లెక్కపెట్టడం ధర్మమేనా అని తరువాత గట్టి విమర్శే వచ్చింది. ఆ విమర్శతో నాకు ఏకీభావమే. అయినా ఆ అధ్యయనంలో మన విషయానికి పనికివచ్చే ఒక సంగతి పెద్దగా ఎవరి దృష్టికీ రాలేదు.

ఆమ్లంతో చూసే పరీక్షలో ఫలితం నిమిషాల్లో తెలిసిపోతుంది. పాజిటివ్ వచ్చినవారికి అక్కడే కాల్పోస్కోపుతో తదుపరి పరీక్ష చేశారు. దాదాపు అందరూ చేయించుకున్నారు. పాప్ స్మియర్, హెచ్‌పీవీ పరీక్షల్లో ఫలితం ప్రయోగశాల నుంచి రావాలి, ఆ తరువాత కబురంపితే ఆమె మళ్ళీ రావాలి. ఆ రెండు వర్గాల్లోనూ నూటికి పదిమందికి పైగా రాలేదు. ఒకే జిల్లా, ఒకే చదువు, ఒకే బీదరికం, ఒకే రకం భర్తలు, అత్తలు. భయాలు, సిగ్గు, ‘అజ్ఞానం’ ఏ వర్గంలో ఎక్కువ ఉండటానికి వీల్లేదు, ఎందుకంటే ఏ ఊరికి ఏ పరీక్ష అన్నది చీట్లు తీసినట్టు నిర్ణయించారు. మరి వైఖరి ఎలా మారింది? పరీక్షకూ చికిత్సకూ నడుమ కొన్ని వారాలు చేరాయి, అంతే.

సలాబత్‌పురా ఇల్లాలికి దూరం సమస్య కాదు. పక్కనే ఉమర్‌వాడాలో నగర పాలక సంస్థ వారి వైద్య కళాశాల ఆసుపత్రి ‘స్మీమర్’ ఉంది. ఆమెకు సమస్య రెండవ రోజు. మొదటి రోజు పోయిన చీరల కూలి సర్దుకుంటుంది. రెండవ రోజు కూడా పోవాలంటే, రాత్రి షిఫ్టు చేసి పగలు నిద్రపోయే భర్తను లేపి తోడు తీసుకుపోవాలి. గుజరాతీలో ఉన్న కాగితాన్ని తెలుగు బడి చదువుతో తాను చదవలేదు, బడికి వెళ్ళే పిల్లవాడి చేత చదివించుకోవాలి. ఆ కాగితంలో ఏముందో పన్నెండేళ్ళ కొడుకుకు తెలియడం ఏ తల్లికి ఇష్టం? ఇవన్నీ ప్రశ్నావళిలో ‘ఇతర కారణాలు’ అన్న చివరి గడిలో ఇమడాలి.

ఇక్కడ మరో చిక్కు ఉంది. వెంటనే జవాబిచ్చే ఆమ్ల పరీక్ష కచ్చితత్వంలో వెనకబడినది. హైదరాబాదు దగ్గరి మేడ్చల్ మండలంలో 2005–07లో 25 ఏళ్ళు దాటిన 2,331 మంది స్త్రీలకు మూడు పరీక్షలూ చేసి పోల్చి చూసినప్పుడు (ఆ ఫలితాలు 2010లో వెలువడ్డాయి) అది ముఖ్యమైన మార్పులను ఎక్కువగా జారవిడిచింది. హెచ్‌పీవీ పరీక్ష అన్నిటికంటె మెరుగ్గా పట్టుకుంది. అంటే మంచి పరీక్ష మళ్ళీ రమ్మంటుంది, వెంటనే తేల్చే పరీక్ష తప్పులు చేస్తుంది. 2016లో కేంద్ర ప్రభుత్వం జాతీయ కార్యక్రమానికి ఎంచుకున్నది ఆ రెండవదాన్నే. చవక, విద్యుత్తు అక్కర్లేదు, నర్సులకు నేర్పవచ్చు అన్నవి కారణాలు. ఇప్పుడు గంట, గంటన్నరలో హెచ్‌పీవీ ఫలితం చెప్పే చిన్న యంత్రాలు వచ్చాయి. గోవాకు చెందిన మోల్‌బయో సంస్థ తయారుచేసే ట్రూనాట్ వాటిలో ఒకటి; క్షయ పరీక్ష కోసం ఆ యంత్రాలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో చాలాచోట్ల ఇప్పటికే ఉన్నాయి. మేడ్చల్ మండలం స్త్రీలతోనే మరో సంగతి కూడా పరిశీలించారు. నమూనాను డాక్టరు తీయనక్కర్లేకుండా స్త్రీ తానే తీసుకున్నా హెచ్‌పీవీ పరీక్షకు పనికివస్తుందని 2009లో ప్రచురించారు. సిగ్గు గురించి పేజీలకు పేజీలు రాసిన వైఖరి సర్వేలకు ఇంతకంటె సూటి సమాధానం ఉండదు.

గర్భసంచి తీసేయిస్తే పోలేదా?

ఇంతవరకు చెప్పింది చికిత్సకు రానివారి సంగతి. మన తెలుగు ప్రాంతంలో దీనికి పూర్తిగా ఎదురుగా ఉన్న మరో సంగతి ఉంది. ఇంగ్లండు, అమెరికా పత్రికల్లోని ప్రశ్నావళులను అలాగే దించుకున్న మన పరిశోధకులు దాన్ని దాదాపు గమనించలేదు.

2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తొలిసారిగా గర్భసంచి తొలగింపు ఆపరేషన్ల గురించి అడిగింది. 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. గుజరాత్‌లో 4.2 శాతం. సూరత్ వెళ్ళే రైలుకు రెండు కొసల్లోనూ దేశపు సగటును మించిన సంఖ్యలే. ఆపరేషన్ నాటి మధ్యస్థ వయసు 34 ఏళ్ళు. మూడింట రెండు వంతుల ఆపరేషన్లు జరిగింది ప్రైవేటు ఆసుపత్రుల్లో. ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో అవసరం లేకుండా జరిగే ఈ ఆపరేషన్ల గురించి హైదరాబాదు వైద్యులు ఎస్.వి. కామేశ్వరి, ప్రకాశ్ వింజమూరి 2009లోనే అధ్యయనం చేసి హెచ్చరించారు. చివరికి 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా ఈ విషయంలో కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చింది.

ఈ ఆపరేషన్లకు దారితీసే మాటలు మనందరం విన్నవే. తెల్లబట్ట అవుతుందనో, నడుము గుంజుతుందనో వెళితే, “గర్భసంచికి పుండ్లు పడ్డయి, ఇడిచిపెడితె క్యాన్సర్ అయితది” అంటారు. పిల్లలు పుట్టారు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా అయింది, ఇక దానితో పనేమిటి అన్న మాట ఇంట్లో అత్తగారు అంటుంది, పక్కింటి వదిన అంటుంది, తీయించుకున్న చెల్లెలు కూడా అంటుంది. ఈ నేలలో ‘హెచ్‌పీవీ పాజిటివ్, క్యాన్సర్ వచ్చే వైరస్’ అని రాసిన కాగితం వచ్చి పడితే ఏం జరుగుతుంది? మన సలాబత్‌పురా ఇల్లాలు సూరత్‌లో ఎవరికీ చూపించదనుకుందాం. దసరాకు ఊరికి వచ్చినప్పుడు, అమ్మ ఉంది, భాష తెలిసిన డాక్టరు ఉన్నాడు అన్న ధైర్యంతో అక్కడ చూపిస్తుంది. ఆ డాక్టరు మంచివాడైతే ఆమె అదృష్టం.

ఇక్కడ స్పష్టంగా చెప్పవలసిన విషయం ఒకటుంది. హెచ్‌పీవీ పాజిటివ్ వచ్చినంత మాత్రాన గర్భసంచి తీయడం చికిత్స కాదు. గర్భసంచి తీసినా వైరస్ యోనిలో మిగిలి ఉండవచ్చు. ఒకవేళ అప్పటికే కనిపించకుండా క్యాన్సర్ ఉండి ఉంటే, మామూలు పద్ధతిలో గర్భసంచి తీయడం దానికి చాలదు, ఆ తరువాతి చికిత్సను కష్టతరం చేస్తుంది. అండాశయాలు కూడా తీసేస్తే ముప్ఫైల్లోనే ముట్లు ఆగిపోయి ఎముకలు బలహీనపడతాయి. అసలు కావలసిన చికిత్స ఎంత చిన్నదో చూడండి. మార్పు వచ్చిన చోట సుమారు 100 డిగ్రీల వేడి మొనను అరనిమిషం లోపు తాకించే పద్ధతి ఒకటి. దీనికి సాధారణంగా మత్తుమందు కూడా అక్కర్లేదు. అతి చల్లని వాయువుతో మూడు నిమిషాలు గడ్డకట్టించి, ఐదు నిమిషాలు ఆగి, మళ్ళీ మూడు నిమిషాలు గడ్డకట్టించే పద్ధతి మరొకటి. మార్పు లోతుగా ఉంటే సన్నని విద్యుత్ తీగ చుట్టుతో ఆ ముక్కను కోసి తీస్తారు. దీని తరువాత వచ్చే కాన్పులో నెలలు నిండకముందే ప్రసవించే ప్రమాదం కొంత పెరుగుతుంది కనుక ఇంకా పిల్లలు కావాలనుకునేవారికి అది చెప్పి తీరాలి. చాలామంది సాయంత్రానికి నడిచి ఇంటికి వెళ్ళవచ్చు.

‘చికిత్సకు ఒప్పుకుంటారా’ అని అడిగే సర్వేలో, గర్భసంచి తీయించుకోవడానికి సిద్ధపడ్డ స్త్రీ ఎక్కడ చేరుతుంది? ఒప్పుకున్నవారిలో! అత్యంత సానుకూల వైఖరి ఆమెదే. మన జిల్లాల్లో ఇటువంటి సర్వే చేసి ‘నూటికి తొంభైమంది ఒప్పుకున్నారు’ అని ఎవరైనా రాస్తే సంతోషించేముందు, ఏ చికిత్సకు ఒప్పుకున్నారు అని అడగండి. ఆ ప్రశ్న లేని ప్రశ్నావళి తెలుగు నేలపై పనికిరాదని నా అభిప్రాయం.

భర్త సంగతి

చిన్న చికిత్స అయినా దానికో షరతు ఉంది. పుండు మానేవరకు సుమారు నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, భర్తకు దూరంగా ఉండాలి. నీళ్ళలాంటి స్రావం కొన్ని వారాలు అవుతుంది. ఒక గది, దానిలో నలుగురు మనుషులు ఉండే ఇంట్లో ఈ సంగతి భర్తకు చెప్పకుండా జరగదు. చెబితే, ‘ఇది ఎట్ల వచ్చింది?’ అన్నది అతని మొదటి ప్రశ్న. బ్రిటన్‌లో కిర్‌స్టెన్ మెకాఫ్రీ, ఆమె సహచరులు అక్కడి భారతీయ, పాకిస్తానీ, ఆఫ్రో-కరీబియన్, తెల్లజాతి స్త్రీలతో మాట్లాడి 2003లో ప్రచురించిన అధ్యయనంలో కూడా నమ్మకం, శీలం, నింద అన్న మాటలే ముందుకు వచ్చాయి. ఈ వైరస్ ఎన్నో ఏళ్ళు నిశ్శబ్దంగా ఉండగలదు. ఎవరి నుంచి ఎవరికి ఎప్పుడు వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు. ఆ ఒక్క వాక్యం డాక్టరు నోటి నుంచి భర్త చెవిన పడితే ఆమె చికిత్సకు రావడం ఎంత తేలికవుతుందో! ‘స్త్రీల వైఖరి’ మీద సర్వేలు వందలు ఉండవచ్చు, వాటిలో భర్తను ఒక్క ప్రశ్న అడిగినవి వెతుక్కోవాలి.

నమ్మకం మాట వచ్చింది కనుక మరొకటి. హెచ్‌పీవీ అన్న పేరు మన గ్రామాల్లోకి తొలిసారి వచ్చింది మంచి రీతిలో కాదు. 2009లో ఖమ్మం జిల్లాలోనూ, గుజరాత్‌లోని వడోదర జిల్లాలోనూ పాత్ అనే అమెరికన్ సంస్థ బాలికలకు హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు నడిపింది. కొందరు బాలికలు మరణించారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం దాన్ని ఆపివేసింది. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. కాని తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు అనుమతి పత్రాలపై సంతకాలు చేశారన్నది కూడా అదే విచారణలో బయటపడింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఆ ప్రాజెక్టును తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే అయినా అడగకుండా వేశారన్న జ్ఞాపకం మిగిలింది. ఈ నేపథ్యం తెలియకుండా భద్రాచలం స్త్రీ అనుమానాన్ని ‘అవగాహన లోపం’ అని రాయడం పరిశోధకుడి అవగాహన లోపమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెట్టిన లక్ష్యాల్లో ఒకటి, 2030 నాటికి గర్భాశయ ముఖద్వార వ్యాధి బయటపడినవారిలో నూటికి తొంభైమందికి చికిత్స అందాలన్నది. లక్ష్యం మంచిదే. కాని చికిత్సతో పని ముగియదు. చికిత్స జరిగిన పన్నెండు నెలలకు మళ్ళీ హెచ్‌పీవీ పరీక్ష చేయాలి. పాజిటివ్ వచ్చి, వడపోతలో ఏమీ తేలనివారికీ మళ్ళీ పరీక్ష కావాలి. రానివారిని మన నివేదికలు ‘ఫాలోఅప్‌లో తప్పిపోయినవారు’ అంటాయి, వాళ్ళేదో తిరునాళ్ళలో తప్పిపోయినట్టు. సూరత్‌లో పని తగ్గితే భీవండికి, అక్కడా లేకపోతే సిరిసిల్లకు తిరిగి వచ్చే కుటుంబం అది. పరీక్ష వివరాలు సూరత్ ఆసుపత్రి రిజిస్టరులో ఉంటాయి, ఆరోగ్యశ్రీ కార్డు ఊళ్ళో ఉంటుంది, ఫోను నెంబరు భర్తది. ఆమె చేతిలో మిగిలేది ఆ కాగితమొక్కటే. దానిమీద గుజరాతీతోపాటు తెలుగులో నాలుగు పంక్తులు అచ్చు వేయించడానికి పరిశోధన ఏమీ అక్కర్లేదు: ఇది క్యాన్సర్ కాదు; గర్భసంచి తీయించుకోవద్దు; చికిత్స అవసరమా అన్నది ఈ రెండవ పరీక్షతో తేలుతుంది; ఫలానా నెలలో ఏ ఊళ్ళో ఉన్నా ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ కాగితం చూపించి మళ్ళీ పరీక్ష చేయించుకోండి.